బావ అక్క మీద చెయ్యి చేసుకోడు, కానీ అక్క అక్కలా లేదు. నేనేం చేయాలి?

తమ్ముడిని_నేను:

అందరికీ నమస్తే. పేర్లు, ఊళ్లు చెప్పను, మిగతాది చెప్పగలిగినంత చెప్తాను. అక్కకి పెళ్లై కొన్నేళ్లయింది, ఒక పాప ఉంది. బావ బయట అందరికీ మంచివాడు. ఎవరికి ఏ పని కావాలన్నా ముందుంటాడు, నవ్వుతూ మాట్లాడతాడు. అందుకే నేను ఇప్పుడు రాస్తున్నవి మా ఇంట్లో చెప్తే ఎవరూ పట్టించుకోవడం లేదు.

అక్క ముందు ఉద్యోగం చేసేది. పాప పుట్టాక మానేసింది. మానేసింది అనేకంటే మానేలా చేశాడు అనాలి, ఎందుకంటే తను ఆఫీసుకి బయల్దేరే టైంకే రోజూ ఏదో ఒక గొడవ, ఆఫీసులో ఉన్నంతసేపూ ఫోన్లు, ఆఖరికి వాళ్ల మేనేజర్‌కి కూడా ఫోన్ చేసి అక్క నిజంగా అక్కడే ఉందా అని అడిగాడట. ఇప్పుడు అక్క బ్యాంకు కార్డు, పాస్‌వర్డు అన్నీ బావ దగ్గరే. ఏది కొన్నా బిల్లు ఫొటో తీసి పంపాలి. మేం ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెడుతుంది, పనిలో ఉన్నాను అంటుంది, కానీ పక్కనుంచి బావ కదులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. చిన్న విషయం అడిగినా "ఆయన్ని అడిగి చెప్తా" అంటుంది. ఇదివరకు మా ఇంట్లో అందరి తరఫునా నిర్ణయాలు తీసుకున్నది అక్కే.

గొడవైతే రాత్రి పడుకోనివ్వడట. తప్పు నాదే అని అక్క ఒప్పుకునేదాకా లేపి కూర్చోబెడతాడట. ఇది అక్క ఒకసారి ఏడుస్తూ చెప్పింది, మళ్లీ వెంటనే "నేనే ఎక్కువ చేసి చెప్తున్నాలే, మర్చిపో" అంది. ఒకసారి కారులో మాటా మాటా పెరిగితే పాప వెనక సీట్లో ఉండగానే భయంకరమైన స్పీడుతో నడిపాడట. వెళ్లిపోతానంటే తను చచ్చిపోతానంటాడు. తన సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఎక్కడున్నాయో అక్కకి తెలీదు.

అమ్మ మాత్రం "కొట్టడు, తాగడు, ఇంకేం కావాలి" అంటోంది. నాకేమో నేరుగా వెళ్లి బావని నిలదీసి, అక్కనీ పాపనీ తీసుకొచ్చేయాలని ఉంది. దీన్ని గృహహింస అనొచ్చా? లేక నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా? అర్థమయ్యేవాళ్లు ఎవరైనా చెప్పండి.


కిటికీ_పక్కన:

తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఒకటి: వెళ్లి నిలదీయకు. కారణం కింద రాస్తాను, కానీ ఇది చదివేలోపు నువ్వు బయల్దేరిపోతావేమో అని ముందే చెప్తున్నా.

నువ్వు ఊహించుకోవడం లేదు. ఇది హింసే. నేను ఇలాంటి ఇంట్లో ఉండి బయటికొచ్చినదాన్ని. నా ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా లేదు కాబట్టి ఎవరికైనా చెప్పుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. ఒక్కో విషయాన్ని విడిగా చెప్తే ప్రతిదానికీ ఎదుటివాళ్ల దగ్గర ఒక సమాధానం ఉంటుంది. కార్డు తన దగ్గర పెట్టుకున్నాడా, పొదుపు మనిషిలే. ఫోన్లు చేస్తాడా, ప్రేమెక్కువలే. బిల్లులు అడుగుతాడా, లెక్క పక్కాగా ఉంటాడులే. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం, ఆ మనిషి అనుమతి లేకుండా మీ అక్క డబ్బు తీయలేదు, మాట్లాడలేదు, బయటికి వెళ్లలేదు, ఆఖరికి పడుకోలేదు కూడా. అన్నీ కలిసి చేస్తున్న పని అదొక్కటే.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో 1984లో, హింస అనుభవించిన ఆడవాళ్లతో కూర్చుని వాళ్లకి ఇంట్లో ఏం జరిగిందో విని, దాన్నంతా ఒక చక్రం బొమ్మగా గీశారు. దాని మధ్యలో రాసింది అధికారం, అదుపు అని. కొట్టడం, లైంగిక హింస చక్రం అంచులో ఉంటాయి. లోపలున్న ఆకులన్నీ మిగతావి: బెదిరించడం, భయపెట్టడం, మాటలతో కించపరచడం, మనుషుల్నించి దూరం చేయడం, డబ్బు చేతిలో పెట్టుకోవడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం, మగవాణ్ణి కాబట్టి నా మాటే చెల్లాలనడం, జరిగిందాన్ని చిన్నది చేసి తప్పంతా ఆమె మీదకే తోసేయడం. నువ్వు రాసినవాటిని ఆ బొమ్మ పక్కన పెట్టి చూడు, దాదాపు ఏదీ మిగలదు.

నిద్ర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వినేవాళ్లు దాన్ని గొడవలో భాగం అనుకుని వదిలేస్తారు. వరసగా కొన్ని రాత్రులు నిద్ర లేకపోతే మనిషికి ఏది ముందు జరిగిందో, ఎవరు ఏమన్నారో గుర్తుండదు. అప్పుడు అతను "నువ్వే అలా అన్నావు, నీకు మతి ఉండడం లేదు" అంటే నిజమేనేమో అనిపిస్తుంది. మీ అక్క "నేనే ఎక్కువ చేసి చెప్తున్నా" అన్నది అక్కణ్నుంచే వచ్చింది. తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయింది. ఇక కారు సంగతి. ఒంటికి చెయ్యి తగలకపోయినా అది ప్రాణం తీస్తానని చేసిన బెదిరింపే, పైగా పాప కూడా లోపల ఉంది.

మామూలు గొడవకీ దీనికీ తేడా ఎలా తెలుసుకోవాలంటే, అరుపులు ఎంత పెద్దవి అని చూడకు. గొడవలో ఇద్దరూ అరుస్తారు, ఇద్దరూ అలుగుతారు, ఆ తర్వాత ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. ఇలాంటి ఇంట్లో ఒకరు మాత్రం ప్రతి మాటా ముందే తూచుకుని మాట్లాడతారు, తలుపు చప్పుడైతే ఈరోజు మూడ్ ఎలా ఉందో అని వింటారు. మీ అక్క "వద్దు" అంటే ఏమవుతుంది? దానికి జవాబు భయం అయితే, అది గొడవ కాదు.

ఇంకో సంగతి. లైంగికంగా ఏం జరుగుతోందో నీకు చెప్పదు, నువ్వు అడగకు కూడా. ఇష్టం లేకపోయినా బలవంతం చేయడం, గర్భం రాకుండా వాడే మాత్రలు దాచేయడం, ఫొటోలు బయటపెడతానని బెదిరించడం, ఇవన్నీ హింసలో భాగమే. అక్క నమ్మే ఆడమనిషి ఎవరైనా ఉంటే ఆమె మెల్లగా అడగొచ్చు.

ఇక నిలదీయకూడదని ఎందుకన్నానంటే, నువ్వు అక్కడ పది నిమిషాలు అరిచి వచ్చేస్తావు. తలుపు మూసుకున్నాక లోపల మిగిలేది అక్క. "మన ఇంటి విషయం బయట చెప్తావా" అని ఆ రాత్రంతా జరుగుతుంది, మర్నాటి నుంచి నీ నంబర్ బ్లాక్ అవుతుంది. ఇప్పుడు తనకి బయట ఉన్న ఒకే ఒక్క దారి నువ్వు.


సరళరేఖ60:

బాబూ, నీ బాధ అర్థమైంది. కానీ ఒక వైపే విని నిర్ణయానికి రావడం మంచిది కాదు. ఏ ఇంట్లో అయినా ఇలాంటివి కొన్ని ఉంటాయి. ఇద్దరి వైపు పెద్దల్నీ కూర్చోబెట్టి మాట్లాడించండి, అతన్నీ చెప్పనివ్వండి. చిన్న పిల్ల ఉంది, సంసారం నిలబెట్టడం ముఖ్యం కదా.


రాత్రి_షిఫ్ట్:

సరళరేఖ గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారని తెలుసు, అయినా ఇక్కడ ఆ సలహా పాటిస్తే ప్రమాదం. నేను చాలా ఏళ్లు హెల్ప్‌లైన్‌లో ఫోన్లు తీసుకున్నాను. అందరి ముందూ కూర్చోబెట్టి మాట్లాడించినప్పుడు జరిగేది ఇది: అతను ప్రశాంతంగా, మర్యాదగా, ఒక్కో మాటా సర్దుకుని మాట్లాడతాడు. ఆమె నిద్రలేక, భయంతో, వణుకుతూ, ఏడుస్తూ మాట్లాడుతుంది, మధ్యలో మాట తడబడుతుంది. చూసేవాళ్లకి ఎవరు నిలకడగా ఉన్నట్టు కనిపిస్తారో మీరే చెప్పండి. పైగా ఆమె అక్కడ నోరు విప్పి చెప్పిన ప్రతి మాటకీ ఇంటికెళ్లాక లెక్క చెప్పాలి. ఇద్దరికీ సమానంగా మాట్లాడే స్వేచ్ఛ ఉన్నచోట రాజీ కుదురుతుంది. ఒకరికి భయం ఉన్నచోట రాజీ అంటే భయపడేవాళ్లు ఇంకాస్త తగ్గడమే. దంపతుల కౌన్సెలింగ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, హింస నడుస్తున్నప్పుడు ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడం సరైన పద్ధతి కాదు.

ఇక తమ్ముడూ, నీ పోస్టులో నన్ను ఎక్కువ కంగారు పెట్టినవి రెండు, కారు, "చచ్చిపోతా" అనడం. హింస ప్రాణాల మీదకి వచ్చే అవకాశం ఎంత ఉందో అంచనా వేయడానికి జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు, పరిశోధకురాలు 1980ల్లో ఒక ప్రశ్నల పట్టిక తయారు చేశారు, చాలా దేశాల్లో వాడతారు. అందులో చంపుతానని బెదిరించడం, ఆయుధం అందుబాటులో ఉండడం, గొంతు నొక్కడం, వెంటపడి నిఘా పెట్టడం, అనుమానం, ఆమె రోజంతా ఏం చేస్తుందో తనే శాసించడం, గర్భంతో ఉన్నప్పుడు కొట్టడం, తను ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించడం, ఇలాంటివన్నీ అడుగుతారు. దెబ్బ తగలకుండానే వీటిలో కొన్ని మీ అక్క ఇంట్లో ఉన్నాయి.

గొంతు సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి, మీ ఇంట్లో కాకపోయినా. భాగస్వామి ఒక్కసారి గొంతు నొక్కినా, తర్వాత ఆ ఆడమనిషి హత్యకి గురయ్యే ప్రమాదం దాదాపు ఏడు రెట్లు పెరుగుతుందని అమెరికాలో 2008లో వచ్చిన అధ్యయనంలో తేలింది. బయటికి మచ్చ కనిపించకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, తల తిరగడం ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మెడలోని రక్తనాళం దెబ్బతిని కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. డాక్టర్‌కి జరిగింది జరిగినట్టు చెప్తే అది రికార్డులో ఉంటుంది.

అతను చచ్చిపోతానని మళ్లీ అంటే దాన్ని ఆపే బాధ్యత అక్కది కాదు. ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి చెప్పడమే. నిజమైతే అతనికి సాయం అందుతుంది, బెదిరింపైతే దాని పదును తగ్గుతుంది.

అక్కని తీసుకొచ్చేయడం గురించి: అన్నిటికంటే ప్రమాదకరమైన సమయం ఆమె ఇల్లు వదిలేటప్పుడు, వదిలిన కొత్తలో. అదుపు చేజారుతోందని అతనికి తెలిసేది అప్పుడే. అందుకని వెళ్లొద్దని కాదు, ప్లాన్ లేకుండా వెళ్లొద్దని. ఆ ప్లాన్ అక్క వెయ్యాలి. నువ్వు రోజు, టైం నిర్ణయించి సామాను సర్దేస్తే, ఇన్నాళ్లూ బావ చేసిన పని నువ్వు చేసినట్టవుతుంది. తను ఎప్పుడు భద్రంగా కదలగలదో తనకంటే బాగా ఎవరికీ తెలీదు. ఇన్నేళ్లు ఆ మనిషి మూడ్ చదువుతూ బతికింది.

నువ్వు చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఒంటరిగా దొరికినప్పుడు మాత్రమే మాట్లాడు, మెసేజ్‌లో ఒక్క ముక్క కూడా రాయకు. "నువ్వు చెప్పింది నమ్ముతున్నా, ఇందులో నీ తప్పు లేదు, నువ్వు ఉండాలనుకున్నా రావాలనుకున్నా నేను ఉంటా" అని చెప్పు. బావని తిట్టకు, తిడితే తను వెనకేసుకొచ్చి మాట్లాడాల్సి వస్తుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. ఒక కోడ్ మాట పెట్టుకోండి, మామూలు సంభాషణలో ఇమిడిపోయేది, తను అది అన్నదంటే నువ్వు పోలీసులకి ఫోన్ చేయాలని అర్థం. స్పీకర్‌లో ఉన్నప్పుడు అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్నలే అడుగు. వీడియో కాల్‌లో అయితే అరచేయి చూపించి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లూ దాని మీద మూసే సైగ ఒకటుంది, కెనడియన్ విమెన్స్ ఫౌండేషన్ 2020లో లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టింది. అది చూసినప్పుడు మొహంలో ఏమీ కనిపించనివ్వకు, మామూలుగా మాట్లాడుతూనే ఉండు.

గొడవ ముదురుతోందని అనిపిస్తే వంటగదిలోకి, బాత్రూంలోకి వెళ్లొద్దని, బయటికి తలుపున్న గదివైపు జరగమని చెప్పు. పాపకి అర్థమయ్యే వయసైతే మధ్యలోకి రావొద్దని, ఏ ఇంటికి పరిగెత్తాలో ముందే చెప్పి ఉంచాలి. కాగితాల నకళ్లు, పాప పుట్టిన సర్టిఫికెట్, మందులు, కొంత డబ్బు, బట్టలు నీ దగ్గరో తను నమ్మే ఇంకొకరి దగ్గరో ఉంటే చాలు, బ్యాగు ఆ ఇంట్లో ఉంటే దొరికిపోతుంది. పాస్‌పోర్టు కోసం ఇప్పుడు వెతకడం మొదలుపెడితే అతనికి అనుమానం వస్తుంది. కాగితాలు మళ్లీ తెచ్చుకోవచ్చు.


మౌనం_వద్దు:

నేను మగవాణ్ణి, ఇలాంటిది మా ఇంట్లో నా మీద జరిగింది. నా జీతం తన దగ్గర, నా ఫోన్ తన దగ్గర, నిద్ర పోనివ్వకపోవడం, పిల్లల్ని చూడనివ్వనని బెదిరించడం. వస్తువులు విసిరేది కూడా. ఎవరికి చెప్పినా నవ్వారు. ఎక్కువగా ఆడవాళ్లే బలవుతున్నారని నాకు తెలుసు, దాన్ని కాదనడానికి రాయడం లేదు. ఇది చదివే మగవాళ్లలో ఎవరైనా ఉంటే, ఒక డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చెప్పండి, రాసి పెట్టుకోండి, తిరిగి చెయ్యి ఎత్తకండి. అలాగే ముసలి తల్లిదండ్రుల పెన్షన్ కార్డు లాక్కుని, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లకుండా మూల కూర్చోబెట్టే కొడుకులూ కూతుళ్లూ ఉన్నారు, అదీ ఇదే కోవలోకి వస్తుంది.


తమ్ముడిని_నేను:

అందరికీ థాంక్స్. కిటికీ అక్కా, మీరు రాసిన నిద్ర సంగతి అమ్మకి చదివి వినిపించాను, మొదటిసారి ఏమీ అనకుండా విన్నది. నిలదీయను, మాటిస్తున్నా. ఇంకో రెండు డౌట్లు. కొట్టకపోతే చట్టం ఏమైనా చేస్తుందా? ఇంకోటి, ఈ మధ్య నేను అక్కకి ఏం చెప్పినా బావకి తెలిసిపోతోంది, మేం ఇద్దరం ఒంటరిగా మాట్లాడుకున్నవి కాదు, వాట్సాప్‌లో రాసినవి. ఎలా?


కాగితం_కలం:

చట్టం గురించి నేను చెప్తాను. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు, రాయొద్దు కూడా. అందుకే రెండు మూడు చోట్ల సంగతి రాస్తున్నా.

భారతదేశంలో 2005 గృహహింస చట్టం ఉంది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 3వ సెక్షన్ హింసని శారీరక, లైంగిక, మాటలు-భావోద్వేగాలకి సంబంధించిన, ఆర్థిక హింస అని విడివిడిగా చెప్తుంది. తన డబ్బు తనకి అందకుండా చేయడం, ఇంట్లో అవసరాలకి ఇవ్వకపోవడం ఆర్థిక హింస కిందికే వస్తాయి. భార్యలకే అనుకోకండి, ఒకే ఇంట్లో ఉండే తల్లి, అక్కచెల్లెళ్లు, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న ఆడవాళ్లు కూడా అడగొచ్చు. మౌనం_వద్దు గారూ, ఈ చట్టం కింద మగవాళ్లు ఫిర్యాదు చేయలేరు, ఆ లోటు ఉంది.

మీకు ముఖ్యమైనది 4వ సెక్షన్. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారికి) సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో ఇస్తే మీ మీద కేసు రాదు. అయితే అక్కతో మాట్లాడకుండా ఆ పని చేయకండి. ఈ చట్టం కింద మెజిస్ట్రేట్ అతన్ని దగ్గరికి రావద్దని, ఫోన్ చేయొద్దని ఆర్డర్ వేయొచ్చు, ఆమె ఉంటున్న ఇంట్లోంచి పంపేయకుండా ఆపొచ్చు, ఖర్చులకి డబ్బు ఇప్పించొచ్చు, పాపని తాత్కాలికంగా ఆమె దగ్గర ఉంచొచ్చు. ఇల్లు అతని పేరున ఉన్నా ఆమెకి అందులో ఉండే హక్కు ఉంది, చాలామందికి తెలియక బయటికి గెంటేస్తే వెళ్లిపోతారు. ప్రొటెక్షన్ ఆర్డర్‌ని ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫోన్ నంబర్లు: మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. జిల్లాల్లో సఖి వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి, వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్, తాత్కాలికంగా ఉండడానికి చోటు, అన్నీ ఒకేచోట చూస్తారు.

ఇంగ్లండ్, వేల్స్‌లో కొట్టకుండా ఇలా అదుపులో పెట్టడమే 2015 నుంచి నేరం, ఐదేళ్ల దాకా జైలు. అక్కడ 0808 2000 247కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అమెరికాలో 1-800-799-7233. అమెరికాలో సిటిజన్‌నో గ్రీన్ కార్డు ఉన్నవాణ్ణో పెళ్లాడినవాళ్లు హింసకి గురైతే, భర్తకి తెలియకుండానే తమ తరఫున తామే ఇమిగ్రేషన్‌కి అప్లై చేసుకునే వీలు 1994 చట్టం నుంచి ఉంది. "నేను లేకపోతే నిన్ను వెనక్కి పంపించేస్తారు" అనే బెదిరింపుని నమ్మేముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి.

ఆధారాలు అని కంగారు పడొద్దు. తేదీ, ఏం జరిగింది, ఎవరు చూశారు, అతను అన్న మాటలు అన్నట్టుగా, ఇంతే. అక్క రాసుకునే వీలు లేకపోతే నీకు చెప్పిన రోజున నువ్వు రాసిపెట్టు.


స్క్రీన్_లాక్:

వాట్సాప్ సంగతి: చాలాసార్లు పెద్ద టెక్నిక్ ఏమీ ఉండదు. ఆమె ఫోన్ చేతికి దొరికిన ఒక్క నిమిషంలో "లింక్డ్ డివైసెస్"లో తన ల్యాప్‌టాప్ కలిపేసి ఉంటాడు, అప్పటినుంచి ప్రతి మెసేజూ అక్కడ కనిపిస్తుంది. గూగుల్ అకౌంట్ అతనే క్రియేట్ చేసి ఉంటే లొకేషన్, ఫొటోలు, వెతికినవి కూడా చూడగలడు. ఫ్యామిలీ షేరింగ్, కారు యాప్, ఇంట్లో కెమెరా, పాప ట్యాబ్, ఇవన్నీ దారులే. పాప బ్యాగులో ట్రాకర్ పెట్టినవాళ్లు కూడా ఉన్నారు.

ఇప్పుడే అవన్నీ తీసేయమని చెప్పకండి. ఒక్కసారిగా కనెక్షన్ పోతే అతనికి తెలిసిపోతుంది, అదే గొడవకి కారణమవుతుంది. ఆ ఫోన్‌ని అతను చూస్తున్నాడనే లెక్కలో అందులో మామూలు కబుర్లే నడవనివ్వండి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం, వెతకడం లాంటివి వేరే మనిషి ఫోన్ నుంచి చేయమనండి. కొత్త ఈమెయిల్ పెట్టినా ఆ ఫోన్‌లో తెరవొద్దు. బయటికొచ్చి భద్రంగా ఉన్నాక ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో "సేఫ్టీ చెక్" అని ఉంటుంది, ఎవరెవరికి ఏమేం షేర్ అవుతోందో చూపించి ఒకేసారి ఆపుతుంది. అందులోనే "ఎమర్జెన్సీ రీసెట్" ఉంది. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ అకౌంట్‌లో ఏయే డివైస్‌లు లాగిన్ అయ్యున్నాయో చూసి తీసేసి, పాస్‌వర్డు, రికవరీ నంబర్ రెండూ మార్చాలి. చాలామంది పాస్‌వర్డు మార్చి రికవరీ నంబర్ అతనిదే వదిలేస్తారు.


సరళరేఖ60:

రాత్రి షిఫ్ట్ గారు రాసింది రెండుసార్లు చదివాను. అందరి ముందూ ఆమె ఎలా మాట్లాడుతుందో అన్నది నేను ఆలోచించని విషయం. అమ్మాయిని ఒంటరిగా కలిసి మాట్లాడండి, పెద్దల్ని తర్వాత చూసుకోవచ్చు.


తమ్ముడిని_నేను:

అక్కతో మాట్లాడాను. పాపకి టీకా వేయించడానికి ఆసుపత్రికి వచ్చింది, బావ కారు పార్క్ చేసి వచ్చేలోపు కాస్త టైం దొరికింది. మీరు చెప్పినట్టే, నమ్ముతున్నానని, ఏం చేయాలో నువ్వే చెప్పమని అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇప్పుడే రాలేను" అంది. నాకు మనసు ఆగలేదు కానీ సరే అన్నాను. కోడ్ మాట తనే చెప్పింది. డిగ్రీ సర్టిఫికెట్ నకలు యూనివర్సిటీ నుంచి తెప్పించమని కూడా అడిగింది. ఇప్పుడు రాలేను అంటే ఇక ఎప్పటికీ రాదేమో అని టెన్షన్‌గా ఉంది.


రాత్రి_షిఫ్ట్:

సర్టిఫికెట్ అడిగిందంటే తన లెక్కలు తను వేసుకుంటోంది. ఒకే ప్రయత్నంలో బయటపడేవాళ్లు తక్కువ, చాలామంది వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి, మళ్లీ వెళ్తారు, ఒకవేళ అలా జరిగినా విసుక్కోకు. నకలు నీ అడ్రస్‌కి తెప్పించు, అక్క ఫోన్ నంబర్ ఆ అప్లికేషన్‌లో ఇవ్వకు, ఓటీపీలు అక్కడికి వెళ్తాయి. హెల్ప్‌లైన్‌కి నువ్వు కూడా ఫోన్ చేసి మాట్లాడొచ్చు, తోబుట్టువులు ఫోన్ చేయడం మామూలే, పేర్లు చెప్పకుండా అడగొచ్చు. ఈసారి టీకా తేదీ ఎప్పుడో కనుక్కో, అక్కడి నర్సుకి ముందే చెప్పి ఉంచితే, తల్లీబిడ్డల్ని మాత్రమే లోపలికి పిలిచి ఆమెతో ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించగలరు. కారులో గొడవ జరిగినప్పటి తేదీ కూడా రాసిపెట్టుకో.